పసుపు పోసిన రేడియేటర్

మా అన్న నా కారును తుక్కు కింద అమ్ముదామని చూసిన ఆ నాలుగైదు రోజుల ముచ్చట ఇది. ముందుగాలనే ఒక మాట చెప్పి పెడుత. నాకు ముక్కు మీద కోపం. మా ఇంట్ల అందరు అంటరు, మా పాస్టరయ్య గూడ ఒకసారి ప్రార్థన అయినంక పక్కకు పిలిచి మెల్లగ చెప్పిండు. అయితే ఏంది? ఆ కోపమే లేకుంటే నా కారు ఇయ్యాల ఏ గోదాంలనో ముక్కలైపోయి ఉండేది.

నేను లెక్కల టీచర్‌ను. మా ఇల్లు కాజీపేట దిక్కు, బడి రఘునాథపల్లి అవతల ఒక పల్లెల. పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలే అని అడిగేటోళ్లకు ముప్పై ఏండ్ల సంది ఒకటే జవాబు చెప్తాన: చేసుకోలే, అంతే. అమ్మానాయిన పోయినంక మా అన్న, వదినె, నేను అదే ఇంట్ల ఉంటానం.

ఉద్యోగమొచ్చిన కొత్తల మా దిక్కు ఒక డాక్టరమ్మ బదిలీ మీద పోతా పోతా తన కారు అమ్ముతానన్నది. నేను కొన్న. నా జీతంతోని, చిట్టీ ఎత్తి, నేనే కొన్న. కాగితాలు రాసుకునే నాడు మా నాయిన నన్ను అరుగు మీద కూసోబెట్టుకొని, "ఆడపిల్ల పేరు మీద బండి ఎందుకు బిడ్డా? రేపు లగ్గమైతే కాగితాలు ఎటు పోతయో ఏమో. అన్న పేరు మీద ఉండనీ" అన్నడు. సరే నాయినా అన్న. గప్పుడు నాకు ఇంత కోపం లేకుండె.

మా అన్నకు కారు నడుపుడు రాదు. ఇయ్యాలటికి రాదు. స్కూటర్ మీద పోతడు, స్కూటర్ మీద వస్తడు. గని కాగితం మీద ఓనర్ ఆయనే.

ఆ కారు నాకేమిచ్చిందో ఆడోళ్లకు చెప్పాల్సిన పని లేదు, మొగోళ్లకు చెప్పినా ఎక్కదు. ఇన్నేండ్లు నేను ఎవల బండి వెనకాల ఒక పక్కకు కూసోలే. "అన్నా, జర దింపి రావా" అని ఎవలను బతిమాలలే. బడి అయినంక ఘన్‌పూర్ల ఆగి జామపండ్లు కొనుక్కోవాలంటే ఆగిన. ఎటు పోయినవ్, ఎందుకు ఆలస్యమైంది అంటే, పోవాలనిపించింది పోయిన అన్న. కారు పోతే ఇవన్నీ పోతయి. నాకు కావాల్సింది ఇనుము కాదు, నా రాకపోకలు.

ఇగ అసలు సంగతి. శ్రమ దినాలు నడుస్తానయి. ఈస్టర్ ముందటి నలభై దినాలు నేను పొద్దు మూకేదాక ఏం తినను. ఆ బుధవారం బడి నుంచి తిరిగొస్తాంటే ఘన్‌పూర్ దాటినంక ఇంజన్ కొట్టుకుంట కొట్టుకుంట గుంజింది, కొంచెం దూరంల బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. పక్కకు ఆపిన. ఖాళీ కడుపు, మార్చి ఎండ, లారీలు పక్క నుంచే రయ్యిన పోతానయి. ఇంట్లకు ఫోన్ చేస్తే అన్న ఎవలిదో వ్యానును డ్రైవర్‌తోని సహా పట్టుకొచ్చి తాడు కట్టి గుంజుకొచ్చిండు. తొవ్వ పొడుగుత ఫోన్ల అందరికీ చెప్పుకుంటనే ఉన్నడు, "మా చెల్లె కారు మళ్ల సచ్చింది" అని. మళ్ల అనుడేందో! అంతకు ముందు అది తొవ్వల ఆగి ఎన్నేండ్లయిందో నాకే యాదికి లేదు.

ఇంటికొచ్చినంక తాళంచెవి తన జేబుల ఏసుకున్నడు.

"ఇగ చాలు తియ్యి" అన్నడు. "యాభై దాటినయి నీకు. ఆ హైవే మీద ఒక్కదానివి ఆ డొక్కు బండి ఏసుకొని తిరుగుడేంది? నాకు నీదే ఫికర్. ఆదివారం చర్చి అయినంక తుక్కు సామాన్ల ఆయన వస్తాండు. మాట్లాడిన."

"ఎవలను అడిగి మాట్లాడినవ్?"

"అడిగేదేముంది? నా పేరు మీదనే ఉన్నది కదా" అన్నడు, మామూలుగ, చాయ్‌ల చక్కెర తక్కువైంది అన్నట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి ముద్ద నోట్లె పెట్టుకోలే. వదినె తలుపు కాడికొచ్చి నిలబడ్డది, ఏదో చెప్పబోయింది, అన్న దగ్గినట్టు వినపడంగనే మల్లిపోయింది.

బేస్తారం మెకానిక్‌ను పిలిచిన. మంచి ఇస్త్రీ అంగీ ఏసుకున్నోడు. బానెట్ ఎత్తి అటు చూసిండు, ఇటు చూసిండు. "మేడం, స్కానర్ పెట్టే సాకెట్ ఏడున్నది?" అన్నడు. దీనికి సాకెట్ ఉండదు నాయినా అన్న. "అయితే దీనికేమైందో నాకెట్ల తెల్వాలె?" అన్నడు. చేతులు దులుపుకున్నడు. దులుపుకునేందుకు దుమ్ము సుత అంటలే.

అప్పుడు చాచా యాదికొచ్చిండు. నా కారును మొదటి సంది చూసిన మిస్త్రీ ఆయనే. నాలుగేండ్ల కింద చేతులు వణుకుడు మొదలైంది, పాన పట్టుకుంటే జారిపోతాంది, షెడ్డు మూసేసిండు. శుక్రవారం బడికి సెలవు పెట్టి ఆయన ఇంటికి పోయిన. ఆయనకు రంజాన్ ఉపాసం. గోడకు ఒరిగి కూసున్నడు, మొకం పీక్కపోయి ఉన్నది. అంతా ఇన్నడు.

"నా చేతులు పనికి రావు బేటీ" అన్నడు.

"నీ చేతులు నాకెందుకు చాచా? నా చేతులు ఉన్నయి. నీ నోరు తీస్కరా" అన్న.

నవ్విండు. "నా నోరు మంచిది కాదు. రోజాల అసలే మంచిది కాదు" అన్నడు. నాది సుత అంతే అన్న.

ఆయన చెప్పిన సామాన్లు రాసుకొని దుకాండ్ల పొంటి తిరిగిన. వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్గులు, వైర్లు. వరంగల్ చౌరస్తా కాడ ఒకాయన "మేడం, ఈ పంపు దుకాన్ల కాదు, మ్యూజియంల దొరుకుతది" అని పండ్లికిలించిండు. అయితే మీ దుకాణం గూడ అందుల పెడ్తరేమో అడిగి చూడు, ఎట్లాగూ సామాన్లు ఏమీ లెవ్వు అన్న. నాలుగో దుకాన్ల ఒక ముసలాయన నిచ్చెన ఎక్కి, అటక మీద నుంచి దుమ్ము పట్టిన డబ్బ దించిండు. లోపట పంపు కొత్తగ మెరుస్తాంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రెండో శనివారం, బడి లేదు. అన్న పొద్దుగాలనే ఎవల ఇంటికో ప్రార్థన కూడికకు పోయిండు. చాచాను ఆటోల పట్టుకొచ్చి రేకుల షెడ్డు కింద కుర్చీ ఏసి కూసోబెట్టిన. మా వదినెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి చాయ్ ఇయ్యకుండ ఉండుడు ఆమెకు చాతకాదు. ఆయనకేమో రోజా, నాకేమో ఉపాసం. మూడుసార్లు చాయ్ గ్లాసుతోని తలుపు దాకా వచ్చింది, నాలుక కరుచుకొని మూడుసార్లు మల్లిపోయింది. చివరికి ఆమెనే తాగింది. నాలుగోసారి వచ్చినప్పుడు చేతుల గ్లాసు లేదు. అన్న ఇడిసిన అంగీ జేబుల నుంచి కారు తాళంచెవి తెచ్చి ఇంజన్ మీద పెట్టి లోపటికి పోయింది. అన్నను కట్టుకున్నంక ఈ ముప్పై ఏండ్లల ఆమె ఆయనకు తెల్వకుండ చేసిన పని అదొక్కటే అనుకుంట.

"ఫ్యాన్ పట్టుకొని ఊపు" అన్నడు చాచా. ఊపిన. లటలటలాడింది. "చూసినవా? పంపు బేరింగ్ అరిగిపోయింది. నీళ్లు ఆడికెళ్లే కారినయి. ఇగ ఆ మూత తియ్యి." డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూపిచ్చిన. నిప్పురవ్వ పుట్టిచ్చే పాయింట్లు మాడి నల్లగైనయి, మూతకు సన్నగ పగులు. "నీళ్ల పని ఆగింది, నిప్పు పని ఆగింది. బండి సావలే. రెండు జబ్బులు ఒక్కసారే వచ్చినయి" అన్నడు. ఆ మాట ఇన్నంక నాకు ఊపిరాడింది.

ముందు నీళ్లు ఖాళీ చెయ్యాలె. కింద బొగాణ గిన్నె పెట్టి రేడియేటర్ కింది మర తిప్పిన. నీళ్లు రాలే. పుల్ల పెట్టి కదిలిస్తే చిక్కగ, పచ్చగ, పప్పుచారు లెక్క మెల్లగ కారుడు మొదలుపెట్టింది. తుప్పు ఎర్రగుంటది, కూలెంట్ ఆకుపచ్చగుంటది. గిదేంది, అచ్చం పసుపు వన్నె! వేలు ముంచి వాసన చూసిన.

చాచా కుర్చీల నుంచి ముందుకు ఒరిగిండు. "హల్దీ" అన్నడు. "ఎవడు పోసిండు బే ఇందుల హల్దీ?"

సంగతేందంటే, రేడియేటర్ కారితే పసుపు పోసుడు మా దిక్కు డ్రైవర్ల పాత ఉపాయం. సన్న పొక్క ఉంటే పసుపు ఉబ్బి దాన్ని పూడుస్తది, ఊరి దాకా గుంజుకొస్తది. ఇల్లు చేరినంక కడుక్కోవాలె. గుప్పెడు పోస్తే ఉపాయం. దీంట్ల డబ్బకు డబ్బ గుమ్మరిచ్చిండ్రు. అసలు కారేది రేడియేటర్ కాదాయె, పంపు. ఆ పసుపంతా పోయి రేడియేటర్ సన్న గొట్టాలల్ల ముద్ద కట్టి కూసున్నది. నీళ్లు తిరిగే తొవ్వనే లేదు. కాగకపోతే ఏం జేస్తది?

వెనకాల చప్పుడైతే మర్లి చూసిన. వదినె తలుపు కాడ కొంగు నోట్లె కుక్కుకొని నిలబడ్డది.

"మొన్న ఆదివారం" అన్నది. "మరిపెడ నుంచి మా అమ్మగారోళ్లు పంపిన పసుపు. డబ్బ మొత్తం పట్టుకపోయిండు. కారు కింద నీళ్లు కారుతానయట, ఆపుత అన్నడు. నీకు చెప్పొద్దన్నడు. చెప్తే ఊకుంటదా, లొల్లి చేస్తది అన్నడు."

నేను లేచిన. చేతుల పద్నాలుగు నంబరు పాన ఉన్నది, అది సుత కింద పెట్టలే. ఆయన ఎవల ఇంట్ల ప్రార్థన చేస్తాండో ఆడికే పోయి, నలుగుట్ల నిలబెట్టి అడగాలె. నా బండిల నాకు చెప్పకుండ చెయ్యి పెట్టి, దాన్ని సంపి, సచ్చింది అని ఊరందరికీ ఫోన్లు చేసి, ఆఖరికి తుక్కోడిని మాట్లాడిండు. నేను నడుపుతాన దాన్ని, ఆ హైవే మీద, ఒక్కదాన్ని! ఫికరట, ఫికరు!

"కూసో" అన్నడు చాచా. గట్టిగనే అన్నడు. "లడాయి రేపు చేసుకో. నీకు కోపం రేపటికి సుత ఉంటది, నాకు తెలుసు. పంపుకు ఇయ్యాల ఒక్క దినమే ఉన్నది."

కూసున్న. నా బతుకుల నా కోపాన్ని రేపటికి పెట్టుడు అదే మొదలు.

ఫ్యాన్ విప్పిన, బెల్టు తీసిన, పంపు బోల్టులు ఒక్కొక్కటి విప్పిన. ఒక బోల్టు కదిలితే ఒట్టు. కిరసనాయిలు పోసి ఆగుమన్నడు. ఆగిన. పాన తోకకు పైపు తొడిగి గుంజుమన్నడు. గుంజిన. "టీచరమ్మా, పోరగాళ్ల చెవు మెలేసినట్టు కాదు, మెల్లగ!" అని అరిచిండు. నేను పోరగాళ్ల చెవులు మెలెయ్యను అని అరిచిన. కిర్రుమని వదిలింది. పాత పంపు చేతులకు వచ్చింది. దాని రెక్కలు తుప్పు తిని సగమైనయి, సందులల్ల పసుపు కూరుకొని ఉన్నది.

రేడియేటర్‌ను ఊడదీసి బోర్లేసి, నల్లా పైపు కింది మూతికి పెట్టి నీళ్లు ఎదురు కొట్టిన. గంట సేపు పచ్చటి నీళ్లే. వాకిలంత పెండ్లిల్లు లెక్క పచ్చగైంది. తేట నీళ్లు వచ్చేదాక చాచా లేవనియ్యలే. పంపు కింద ఏసే గ్యాస్కెట్ డబ్బల లేకుండె, అట్టను పంపు మూతి మీద పెట్టి సుత్తెతోని అంచుల పొంటి టకటక కొట్టుకుంట కోయమన్నడు. కోసిన. కొత్త పంపు కూసున్నది, బోల్టులు ఎదురెదురుగ బిగిచ్చిన.

ఇగ నిప్పు పని. కొత్త పాయింట్ల నడుమ ఎంత సందు ఉండాల్నో కొలిచేందుకు ఒక పెండ్లి కార్డు తెమ్మన్నడు. వదినె దేవులాడి ఒకటి తెచ్చింది, బంగారు అంచు, మంచి దళసరి. ఆయన వేళ్ల నడుమ పట్టుకొని చూసి పక్కకు పెట్టిండు. "వీళ్లు ఉన్నోళ్లు. గింత సందు పెడ్తే బండి లేవది. లేనోళ్ల పెండ్లి కార్డు తే" అన్నడు. వదినె పకపక నవ్వింది. ఆమె గట్ల నవ్వంగ నేను చూసి చానేండ్లయింది. మా బడి వంట చేసే ఆమె బిడ్డ పెండ్లి కార్డు దొరికింది, పల్చటి గులాబి అట్ట. సందుల పెట్టి మర బిగిచ్చిన. సరిగ్గ కూసున్నది.

పొద్దు వాలుతాంటే చాచాకు ఇఫ్తార్ యాళ్ల అయితాందని ఆటో పిలిచిన. పోతా పోతా, "వైర్లు పెట్టుడే ఉన్నది. వరుస యాదికున్నది కదా, పొద్దుగాల చెప్పిన?" అన్నడు. ఉన్నది అన్న. నాలుగు వైర్లు పెట్టిన, తాళం తిప్పిన.

ఫట్! తుపాకీ పేలినట్టు. మళ్ల తిప్పిన. ఫట్! కార్బొరేటర్ నోట్లకెళ్లి మంట గూడ ఉమ్మింది. సరిగ్గ గప్పుడే అన్న గేటు తీసుకొని లోపటికొచ్చిండు. నూనె మొకం, పసుపు చేతులు, నన్ను కింది నుంచి మీది దాకా చూసిండు. "ఎందుకే గీ కష్టం? రేపు ఆయన వస్తాండు కదా" అన్నడు. నాలుక చివరి దాకా వచ్చింది. పండ్లు గట్టిగ పట్టుకున్న. ఆయన అదేందో శాంతం అనుకున్నట్టున్నడు, నా భుజం తట్టి లోపటికి పోయిండు.

తెల్లారి ఆదివారం. శ్రమ దినాలల్ల ఆదివారం ఆరాధనకు పోకుంటే మా దిక్కు జరమన్నా ఉండాలె, సావన్నా ఉండాలె. నేను పోలే. వాళ్లిద్దరు తెల్లబట్టలు కట్టుకొని పోయిండ్రు, నేను పాత చీర నడుముకు చెక్కి బానెట్ ఎత్తిన. దేవుడు అర్థం చేసుకుంటడు, చేసుకోకుంటే ఆయనతోని సుత నేనే మాట్లాడుకుంట అనుకున్న.

చాచాకు ఫోన్ చేసిన. "ఇంజన్ కాడ పెట్టు ఫోన్, తిప్పు" అన్నడు. తిప్పిన. ఫట్ మన్నది.

"వైర్లు ఎట్ల పెట్టినవ్?"

"ఒకటి, రెండు, మూడు, నాలుగు."

ఫోన్ల నెత్తి కొట్టుకున్న చప్పుడు వినపడ్డది. తర్వాత, "యా అల్లా" అన్నడు. "టీచరమ్మా, అది ఇంజన్, నీ బడి కాదు. ఏక్, తీన్, చార్, దో. ఒకటి, మూడు, నాలుగు, రెండు. పొద్దుగాల రెండుసార్లు చెప్పిన!"

సిగ్గుతోని సచ్చిపోయిన. ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన దానికి ఒకటి తర్వాత రెండే వస్తది గని మూడెట్ల వస్తది? ఖాళీ కడుపుతోని చేతులు వాటికి తెలిసిందే చేసినయి. వైర్లు మార్చిన. తాళం తిప్పిన. ఒక్క సుట్టు తిరిగింది, రెండు సుట్లు, అందుకున్నది. అందుకొని ఆగలే. పదినిమిషాలు నడవనిచ్చిన, ఇరవై నిమిషాలు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టిన, వేడి ఎంత ఉండాల్నో అంతే ఉన్నది. కింద వంగి చూసిన, బొట్టు లేదు. ఫోన్ల చాచా "బస్, బస్, ఇంటాన" అంటాండు.

ఇంజన్ ఆపకముందే గేటు కాడ తుక్కు సామాన్ల ఆయన చిన్న ట్రాలీ ఆటో ఆపిండు. ఆయన వెనకాలనే అన్న, వదినె. తుక్కాయన ఇంజన్ చప్పుడు ఇని, "అన్నా, నడవది అంటివి?" అన్నడు.

దానికి అన్న, "ఇయ్యాల నడుస్తది, రేపు ఆగుతది. పాతదాయె. నువ్వు నీ పని చూసుకో" అన్నడు.

బొగాణ తెచ్చి ఆయన ముందట పెట్టిన. పచ్చగ, అడుగున బురద లెక్క పేరుకున్న పసుపు.

"ఇది ఎవలు పోసిండ్రు?"

అన్న చూసిండు. వదినె దిక్కు చూసిండు. వదినె తల దించలే. తుక్కాయన వంగి వాసన చూసి, "అబ్బో, కిలో పోసినట్టున్నరు" అన్నడు, ఎవలు అడగకుండనే.

"నేను మంచికే చేసిన" అన్నడు అన్న మెల్లగ. "కారుతాందని..."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు..."

"లొల్లి చేస్త. అవును, చేస్త. నా బండి. మంటలు లేస్తే అందుల కూసున్నది నేను, నువ్వు కాదు. నువ్వు పాడు చేసినవ్, నువ్వే పాడైందన్నవ్, నువ్వే అమ్ముతానన్నవ్. ఇందుల నన్ను ఎక్కడ అడిగినవ్ అన్నా?"

ఆయన మొకం ఎర్రగైంది. "తప్పైంది" అన్నడు. మా అన్న నోట్లె నుంచి ఆ మాట నేను ఎప్పుడు ఇనలే, వదినె సుత ఇనలే. ఇంకో రోజైతే నేను అక్కడనే కరిగిపోయేదాన్ని.

"నీ తప్పు నాకెందుకు?" అన్న. "సంతకం కావాలె. బండి నా పేరు మీదికి మార్చు."

"గట్లనే మారుద్దాం తియ్యి, ఆఫీసుకు పోవాలె, ఫారాలు తేవాలె, పండుగ అయినంక..."

తుక్కాయన గొంతు సవరించుకున్నడు. "ఫారం నా దగ్గరున్నది అక్కా" అన్నడు. సంచిల నుంచి తీసిండు. బండి అమ్మినట్టు కాగితం, తను కొనేందుకు తెచ్చుకున్నది. బండి నంబరు, అమ్మేటోళ్ల పేరు అన్నీ నింపుకొనే తెచ్చిండు. కొనేటోళ్ల పేరు కాడ ఒక్కటే ఖాళీ. "నేను ఎట్లాగూ కొంటలేను. వాడుకోండ్రి" అన్నడు.

బానెట్ మీద పరిచిన. వదినె బైబిల్ సంచిల నుంచి పెన్ను తీసి ఆయన చేతుల పెట్టింది. ఇంజన్ ఇంకా నడుస్తనే ఉన్నది, కాగితం సన్నగ అదురుతాంది. అన్న చెయ్యి ఆనిచ్చి సంతకం పెట్టిండు. పెట్టి పెన్ను నాకిచ్చిండు.

నాకు సంబురమైతది అనుకున్న. కాలే. ఒక గీత గీసినంత సేపు పట్టింది, దానికి ఇన్నేండ్లు ఆగిన. మా నాయినను అనాల్నో, అన్నను అనాల్నో, సరే నాయినా అన్న నన్ను నేను అనుకోవాల్నో తెల్వలే, కండ్లు మండినయి. కొనేటోళ్ల పేరు కాడ పసుపు చేతితోని నా పేరు పూర్తిగ రాసిన. నా జీతంతోని కొన్న నా కారును మా అన్న కాడ మళ్ల కొనుక్కున్న.